పుచ్చుకోవడం నేర్పిన ప్రయాణం



మా సహవాసం ఉండేది మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలో. ఇంచుమించు ఇదే పేరున్న ఊరొకటి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో కనిపిస్తుంది. మన తెలుగు బైబిలులో దాని పేరు త్రోయ. మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి సహాయం చేయమని బతిమాలుతున్నట్టు పౌలుకు దర్శనం కలిగింది ఆ త్రోయలోనే. అక్కడ ఓడ ఎక్కి, సమొత్రాకే మీదుగా నెయపొలి చేరి, అక్కణ్ణించి ఫిలిప్పీకి వెళ్ళాడు. కిందటేడు మే నెలలో మా ట్రాయ్ నుంచి తొమ్మిదిమంది స్త్రీలం విమానం ఎక్కి ఆ ఫిలిప్పీకే వెళ్ళి వచ్చాం.

చూసిన స్థలాల గురించి వివరంగా రాయడం నా ఉద్దేశం కాదు. అక్కడ నాకు ఎదురైన ఒక ప్రశ్నను మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇతరులకు ఇస్తూ బతకడం మంచిదని మనందరికీ తెలుసు. అయితే ఎప్పుడూ ఇచ్చేదాన్నిగానే ఉంటాను, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను అని పట్టుబట్టడం కూడా మంచిదేనా?

బయలుదేరేముందు మాకు ఎదురైన ప్రశ్న వేరు. "భర్తల్నీ పిల్లల్నీ వదిలి ఆడవాళ్ళంతా కలిసి దేశాలు తిరగడమేమిటి?" అని కొందరు నవ్వుతూ, కొందరు నవ్వకుండా అడిగారు. లూకా సువార్త 8వ అధ్యాయం తెరిస్తే, ప్రభువు ఊరూరా తిరుగుతున్నప్పుడు మగ్దలేనే మరియ, కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు ఆయనతో ఉన్నట్టు కనిపిస్తుంది. మన తెలుగు సంఘ చరిత్రలోనూ అంతే. 1854 కొత్త సంవత్సరం నాడు తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినవారు ఐదుగురు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా వచ్చినవాళ్ళు వాళ్ళు. కాబట్టి ఆ ప్రశ్న మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టలేదు. మేము ఊహించని ప్రశ్న దారిలో ఎదురైంది.

మాలో అందరికంటే చిన్నామెకు 34 ఏళ్ళు, పెద్దావిడకు 71. టిక్కెట్లు, హోటళ్ళు, బస్సు అన్నీ చూసుకున్నది నేనే. ఒకరు చేస్తామన్నా "మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాగా" అన్నాను. నా బట్టలు ఒక చిన్న పెట్టెలో సరిపోయాయి. రెండో పెట్టె పెద్దది. అందులో చిన్న రైస్ కుక్కర్, సోనామసూరి బియ్యం, గోంగూర పచ్చడి, కారప్పొడి, అటుకులు, అందరికీ కావలసిన మాత్రలు, కట్టు గుడ్డలు. ఎవరికి ఏ అవసరం వచ్చినా నా దగ్గర ఉండాలి. అదే నా పట్టుదల.

థెస్సలొనీకలో మేము దిగిన హోటల్‌లో లిఫ్ట్ చిన్నది, అది కూడా పనిచేయడం లేదు. ఆ పెద్ద పెట్టెను మూడో అంతస్తుకు ఎక్కించడానికి నలుగురు చేతులు వేయవలసి వచ్చింది. మెట్ల మధ్యలో ఆయాసపడుతూ ఒక చెల్లెలు అంది: "అక్కా, మా అందరి కోసం మీరు తెచ్చారు, నిజమే. తలా కొంచెం తెచ్చుకోమంటే మేమే తెచ్చుకునేవాళ్ళం కదా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. నేను సేవ అనుకున్నది వాళ్ళ చేతులకు బరువైంది.

ఆ రాత్రి ప్రార్థనలో గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం చదువుకున్నాం. రెండో వచనంలో పౌలు ఒకరి భారాన్ని ఒకరు మోయమంటాడు. ఐదో వచనానికి వచ్చేసరికి ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. పైకి చూస్తే ఒకదానికొకటి ఎదురు చెప్పినట్టే ఉంటుంది. మన తెలుగు బైబిలులో మొదటిచోట భారం, రెండోచోట బరువు అని వేర్వేరు మాటలు ఉన్నాయి. గ్రీకులోనూ రెండు వేర్వేరు మాటలే. మొదటిది మనిషిని కుంగదీసే భారం. రెండోది ప్రయాణికుడు తన వీపున వేసుకుని నడవగలిగిన మూట. తన మూట ఎదుటివారి నెత్తిన పెట్టేవారు తప్పు చేస్తున్నారని మనకు వెంటనే తెలుస్తుంది. ఎదుటివారి మూటలన్నీ లాక్కుని తానే మోస్తూ, తనను కుంగదీస్తున్న భారాన్ని మాత్రం ఎవరికీ చూపించని మనిషి సంగతి ఏమిటి? ఆ మాట అడిగినవారు లేరు గానీ నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బస్సులో కవాలాకు వెళ్ళాం. పౌలు ఓడ దిగిన నెయపొలి ఇదే. అక్కణ్ణించి ఫిలిప్పీ శిథిలాలు సుమారు 15 కిలోమీటర్లు. ఎగ్నాటియా అనే రోమా రాజమార్గం ముక్క ఒకటి అక్కడ ఇంకా ఉంది. బండి చక్రాలకు అరిగిపోయిన పెద్ద పెద్ద రాళ్ళు. "జాగ్రత్తగా నడవండమ్మా" అని వెనక్కి తిరిగి అందరినీ హెచ్చరిస్తూ, నేనే ఆ రాళ్ళ సందులో కాలు మడతపడి కూలబడ్డాను. మడమ క్షణాల్లో వాచింది.

మాలో పెద్దావిడ, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, మోకాళ్ళ నొప్పితోనే నా ముందు నేలమీద కూర్చుని, నా బూటు విప్పి, సీసాలో నీళ్ళతో కాలు కడగబోయారు. నేను చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను. "అయ్యో ఆంటీ, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి? నేను చేసుకుంటాను."

ఆవిడ నా వైపు కాసేపు చూసి, నెమ్మదిగా అన్నారు: "ఏమ్మా, నాకు తుంటి ఎముక ఆపరేషన్ అయినప్పుడు నెలన్నర పాటు మా ఇంటికి క్యారేజీ పంపించావే, అప్పుడు నేను వద్దన్నానా? మూడేళ్ళ కిందట నీకు ఆపరేషన్ అయితే మాకు ఎప్పుడు తెలిసింది? మూడు నెలల తర్వాత. ఆ రోజు ఇంటికెళ్ళి ఎంత ఏడ్చానో నీకు తెలియదు. నేను నీకు ఏమీ కానా అనిపించింది."

ఆ ఆపరేషన్ సంగతి నిజమే. మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి ఆదివారం ప్రేమవిందుకు మావారి చేత పులిహోర కూడా పంపించాను, ఎవరికీ అనుమానం రాకూడదని. రాత్రిళ్ళు భయమేసి ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని. కానీ తెల్లవారాక, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని తృప్తిపడేదాన్ని. నా దృష్టిలో అది దీనత్వం, అది సాక్ష్యం. ఆవిడ కన్నీళ్ళ సంగతి ఫిలిప్పీ రాళ్ళ మీద కూర్చుని వినేదాకా నాకు తెలియదు.

కాలు చాపాను. ఆవిడ కడిగి కట్టు కట్టారు.

ప్రియులారా, యోహాను సువార్త 13వ అధ్యాయం ఎన్నిసార్లు చదివామో! చదివిన ప్రతిసారీ, ప్రభువులా మనమూ ఇతరుల పాదాలు కడగాలి అనే పాఠం దగ్గరే ఆగిపోతాం. దానికి ముందు పేతురుకు ఇంకొక పాఠం ఉంది. తన పాదాలు కడగనివ్వనని పేతురు గట్టిగా చెప్పాడు. అది గౌరవంతో అన్న మాటే. అయినా ప్రభువు దాన్ని మెచ్చుకోలేదు. కడగనివ్వకపోతే నాతో నీకు పాలు లేదని తేల్చి చెప్పాడు. కడిగించుకోవడం రానివాడికి ఆ బల్ల దగ్గర చోటే లేదన్నమాట.

"మరి ఇవ్వడమే ఎక్కువ ధన్యత అని ప్రభువే చెప్పాడు కదా?" అని మీరు అడగవచ్చు. అవును, ఆ మాటను పౌలు ఎఫెసు పెద్దలకు గుర్తు చేశాడు. కానీ కాస్త ఆలోచించండి. అందరూ ఇచ్చేవాళ్ళే అయితే పుచ్చుకునేది ఎవరు? ఎక్కువ ధన్యత నాకొక్కదానికే కావాలని, దాన్ని మరొకరికి దక్కనివ్వకపోవడం ప్రేమ అవుతుందా? ఇచ్చేవారి చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునేవారి చెయ్యి కింద ఉంటుంది. పైచెయ్యి అనే మాటకు మన భాషలో ఇంకో అర్థం కూడా ఉందని మీకు తెలుసు. ఎప్పుడూ పైచెయ్యిగానే ఉండాలనుకునే మనసులో సేవతోపాటు ఇంకేదో కూడా కూర్చుని ఉంటుంది. నా మనసులో కూర్చుని ఉన్నది గర్వం.

పౌలును చూడండి. కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రీ పగలూ కష్టపడ్డానని థెస్సలొనీకయులకు రాసుకున్నాడు. అటువంటివాడు ఫిలిప్పీలో ఏటి ఒడ్డున ప్రార్థనకు కూడుకున్న స్త్రీలతో మాట్లాడాడు. తుయతైర నుంచి వచ్చి ఊదారంగు వ్యాపారం చేసుకునే లూదియ బాప్తిస్మం తీసుకుని, మా ఇంట్లో ఉండి తీరాలని బలవంతపెడితే, అతడు వెళ్ళి ఉన్నాడు. ఆ తర్వాత థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని ఒకటికి రెండుసార్లు పుచ్చుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడంలో మీరొక్కరే నాతో పాలివారయ్యారని వాళ్ళకు సంతోషంగా రాశాడు. ఆ ఈవి తనకు కావాలని కాదు, దాని ఫలం వాళ్ళ లెక్కలో పడాలని ఆశిస్తున్నానని కూడా రాశాడు. వాళ్ళ మేలు కోసమే పుచ్చుకున్నాడు! ఆ సాయంత్రం ఏటి గట్టు మెట్ల మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని ఆ పత్రిక చదువుతుంటే, అంతకు ముందెన్నడూ ఆ మాట చూడనట్టే అనిపించింది.

పుచ్చుకోవడమంటే సోమరితనానికి సందు ఇవ్వడం కాదు. పని చేయనొల్లనివాడు తినకూడదని చెప్పినవాడూ పౌలే. మన మూట మనం మోసుకోవలసిందే. కానీ జబ్బు, ఉద్యోగం పోవడం, దారి తప్పిన బిడ్డ, ఇంట్లో మాటలు లేని మౌనం ఇవి మూటలు కావు, భారాలు. వాటిని ఒక్కరే మోయమని దేవుడు ఎక్కడా చెప్పలేదు.

మనలో చాలామంది రెండు పెట్టెలతో ఈ దేశానికి వచ్చి, మంచులో, ఒంటరితనంలో మన కాళ్ళ మీద మనం నిలబడ్డాం. అది దేవుని కృప. అయితే మన అమ్మలు ఎలా బతికారో కూడా గుర్తు చేసుకోండి. పాలు తోడు వేయడానికి మజ్జిగ లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళేవారు. అడగడానికి సిగ్గుపడేవారు కాదు. రేపు ఆ పక్కింటావిడే కరివేపాకు కోసం వస్తుందని తెలుసు. ఇక్కడ మనం మంచులో కారు తీసి పెరుగు డబ్బా కొనుక్కొస్తాం గానీ పక్కింటి తలుపు తట్టం. తోడు అడగడం మానేశాక తోడుగా ఉండేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఉద్యోగం పోయి, వీసా గడువు రోజులు లెక్కపెట్టుకుంటూ కూడా, ఆదివారం నవ్వు ముఖంతో "అంతా బాగే బ్రదర్" అని వెళ్ళిపోయే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వాళ్ళు చెప్పకపోవడానికి నాలాంటివాళ్ళం కూడా కారణమే. ఎప్పుడూ ఏ అవసరం లేనట్టు కనిపించే పెద్దలను చూసి, అవసరం ఉండటమే విశ్వాస లోపమని చిన్నవాళ్ళు అనుకుంటారు.

ఫిలిప్పీ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పెద్ద పెట్టె నా చేతిలో లేదు. మిగిలిన సామాను ఎనిమిదిమందీ పంచుకున్నారు. విమానాశ్రయంలో నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి పది నిమిషాలు తల ఎత్తలేకపోయాను. తర్వాత ఆ కుర్రదాని భుజం మీద చెయ్యి వేసి, "థాంక్స్ అమ్మా" అన్నాను. వెంటనే ఆమెకు ఏదో ఒకటి కొనిపెట్టాలని మనసు లాగింది. ఆపుకున్నాను. కొన్ని బాకీలు తీర్చకుండా ఉంచుకోవడం కూడా ప్రేమేనని అప్పుడే అర్థమవుతోంది.

సహోదరీ, సహోదరుడా, ఈ వారం మీరు ఎవరికి ఏమిస్తారని నేను అడగను. అది మీకు బాగా వచ్చు. ఎవరి దగ్గర ఏమి పుచ్చుకుంటారు? మీ ఇంట్లోని ఏ భారాన్ని ఒక్క మనిషికైనా చెప్తారు? క్యారేజీ పంపిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే "వద్దండీ, ఎందుకు శ్రమ" అనే మాట నాలుక చివరికి వస్తుంది. ఆ మాటను ఒక్కసారి మింగి, "పంపించండి" అనండి. ఆ ఇంట్లో ఆ రోజు ఎంత సంతోషం ఉంటుందో మీకు తెలియదు.

ఇవ్వడానికి చేతులిచ్చిన దేవుడు, పుచ్చుకోవడానికి తగిన మనసును కూడా మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.