నోరు కట్టుకోమనేవాళ్లకి

బావని ఆటపట్టించడానికి బావమరిదికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ధైర్యంతోనే కాబోలు, ఒక పెళ్లిపంక్తిలో వడ్డించే కుర్రాడు మా బావ విస్తట్లో మూడో బూరె వెయ్యబోతుంటే, "వద్దు బాబూ, ఆయన చొక్కా గుండీల మీద కాస్త జాలి చూపించు" అన్నాను. పంక్తంతా ఘొల్లుమంది. బావా నవ్వాడు. కాని పెరుగన్నం దాకా కూర్చోలేదు.

బావకి ఒళ్లెక్కువ. రక్తపోటూ ఎక్కువే. డాక్టరు చూసినప్పుడల్లా నోరు కట్టుకోమంటాడు. ఇంటిల్లిపాదీ అదే పాట. నేను పూచికపుల్లలా ఉంటాను కనుక ఆ మాట అనే హక్కు నాకు మరీ ఎక్కువని నా నమ్మకం. ఒక్క బూరెతో నాకు చాలనిపిస్తుంది. దాన్నే ఇంద్రియనిగ్రహమనుకుంటూ ఇన్నేళ్లు బతికేశాను.

ఈమధ్య ఆకలి సంగతులు కాస్త చదివాక ఆ నమ్మకం బీటలు వారింది.

ఆకలిని నడిపించే హార్మోన్లు చాలా ఉన్నాయిట. అందులో గ్రెలిన్‌ని 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. కడుపు ఖాళీ అయితే అది "అన్నం వేళయింది" అని మెదడుకి కబురు పెడుతుంది. 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన లెప్టిన్ కొవ్వులోంచే పుడుతుంది. "నిలవ చాలినంత ఉంది, ఇక ఆపు" అనేది దాని కబురు.

మరి లావుపాటి మనిషికి కొవ్వెక్కువ కదా, ఆకలి తగ్గాలి కదా? లెప్టిన్ దండిగానే ఉంటుంది, మెదడే దాని మాట వినిపించుకోదు. చిత్రమేమిటంటే, ఆకలి విషయంలో చెవిటిదైన ఆ మెదడే రక్తపోటు విషయంలో మాత్రం ఆ కేకను చక్కగా ఆలకిస్తుందని పరిశోధకుల మాట. అప్పుడు గుండెనీ రక్తనాళాలనీ ఉరకలెత్తించే నరాలు రేగి, పోటు పెరుగుతుంది. పుట్టుకతోనే లెప్టిన్ పనిచెయ్యని అరుదైన మనుషులు విపరీతంగా లావెక్కినా, వాళ్లకి పోటు పెరగలేదని 2014లో గమనించారు. పోటుకి ఉప్పూ, వంశమూ లాంటి కారణాలు వేరే ఉన్నాయనుకోండి. అయినా ఒకే కబురు మేలు దగ్గర మూగబోయి, కీడు దగ్గర గొంతెత్తడం ఎంత అన్యాయం!

పోనీ, పట్టుదలగా తిండి తగ్గిస్తే? బరువు తగ్గుతుంది, పోటూ దిగుతుంది. కాని ఒంటికి అది కరువులా తోస్తుంది. అలా పదివారాలు కడుపు మాడ్చుకుని బరువు తగ్గినవాళ్లను ఆస్ట్రేలియాలో పరీక్షిస్తే, ఏడాది గడిచాక కూడా గ్రెలిన్ ఎక్కువగానే, లెప్టిన్ తక్కువగానే ఉన్నాయని 2011లో తేలింది. ఆకలీ తగ్గలేదు.

అయితే మనిషి చేతిలో ఏమీ లేదంటారా? నేనలా అనను. అలా అంటే బావ పట్టుదలను కూడా అవమానించినట్టే. నేననేది ఒక్కటే: చాలనిపించినవాడు ఆగడం నిగ్రహమెలా అవుతుంది? లోపల కేకలు వినిపిస్తుండగా రెండో బూరె దగ్గర ఆగినవాడిదే అసలు తపస్సు. తపస్సు అతనిదీ, పేరు నాదీ అయింది!

మొన్న వాళ్లింటికి వెళ్లాను. అక్కయ్య బావకి చప్పిడికూర వేసి, నాకు ఆవకాయ జాడీ తెచ్చింది.

"నాకూ ఆ కూరే వెయ్యక్కా" అన్నాను.

బావ నన్ను ఎగాదిగా చూసి, "ఏవోయ్, నీక్కూడా పోటొచ్చిందా?" అన్నాడు.

సిగ్గొచ్చిందని చెప్పలేక, తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.