వేదన ఎవరిది?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో ప్రెస్సుక్రింద చేయి నలిగి, తెగిన నరమును శస్త్రవైద్యుడు కుట్టిన పిమ్మట, ఎముక అతుకుకొని చర్మము మానిన తరువాతను, అరచేత నిప్పుకణిక లుంచినట్లు మండుచున్నదని మొఱపెట్టుకొను కార్మికుని చూచి, గాయము కనబడదు గనుక నొప్పియు లేదని తేల్చు సూపర్‌వైజర్లు కొందఱు, వాని ప్రారబ్ధ మింతియే యని నిట్టూర్చు బంధువులు కొందఱు. ఈ రెండు తీర్పులును నాకు సమ్మతములు కావు.

తెగిన నరము దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగును; మణికట్టునుండి వ్రేలికొనను చేరుటకు నెలలు పట్టును. అంతవఱకు మెదడు ఊరకుండదు. కోతుల చేతినరమును కోసి మైకేల్ మెర్జెనిక్, జాన్ కాస్ ప్రభృతులు 1983లో ప్రకటించిన పరిశోధనవలన, స్పర్శవార్తలు ఆగిపోయిన చేతిభాగమునకు మస్తిష్కమున నున్న తావును పొరుగుభాగములు ఆక్రమించుకొనునని తెలిసినది. గాయము చేతనున్నను మార్పు తలలో జరుగుచున్నదన్నమాట. చికిత్సయు తలపైనే చేయు విధానమొకటి కలదు. 1985లో షెఫీల్డునందు ఆంథొనీ బార్కర్ బృందము నిర్మించిన యంత్రమున, తీగచుట్టలో క్షణకాలము ప్రవహించు విద్యుత్తువలన పుట్టిన అయస్కాంతక్షేత్రము కపాలమును కోయకయే లోపలికి చొచ్చి, మెదడునందు స్వల్పవిద్యుత్తును ప్రేరేపించును. చలనమును శాసించు భాగముపై, నొప్పిగల చేతికి ఎదుటిప్రక్కను, సెకనుకు 10 స్పందనముల చొప్పున ఇట్టి అయస్కాంతక్షేత్రమును ప్రయోగించినచో నరపునొప్పి కొందఱికి తగ్గుచున్నది. అందఱికిని కాదు; తగ్గినవారికిని అది శాశ్వతము కాదు, మరల మరల చేయవలసియుండును. నరమును మాత్రము అది అతుకజాలదు.

చేతిని ముట్టక తలను సవరించినంతనే చేతినొప్పి తగ్గునేని, ఆ నొప్పి చేతిదా, మెదడుదా, మనస్సుదా? అంతయు మనోభ్రమయే యనువారికి ఈ చికిత్సయే సాక్ష్యమైనట్లు తోచును. కాని తర్కసంగ్రహకర్త అన్నంభట్టు, మన తెలుగువాడే, సుఖదుఃఖములను ఆత్మగుణములలో చేర్చి, మనస్సును వాని నెఱుగుటకు సాధనముగా మాత్రమే చెప్పెను. మెదకుసీమ కొల్చారమువాడని ప్రసిద్ధి గన్న మల్లినాథసూరియు ఈ తర్కశాస్త్రమున చేయితిరిగినవాడే. కాళిదాస వ్యాఖ్యాతగా లోకమెఱిగిన ఆయన వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకమను వ్యాఖ్యయు రచించెను. మస్తిష్కవ్యాపారమేమియు నెఱుగని ఈ తార్కికులు సాధనము వేఱు, అనుభవించువాడు వేఱు అని పాటించిన వివేకము, అయస్కాంతచికిత్సను చేత బట్టుకొని తొందరపడు మనకు లేకపోయినది. సాధనమును సవరింపగా వేదన శమించినదనుటవలన వేదన అసత్యమని సిద్ధింపదు. వేదన పడినవాడు అబద్ధమాడెనని అంతకన్నను సిద్ధింపదు.

వేదాంతు లిందుకు ఒప్పుకొనరు. శంకరుల మతమున దుఃఖము అంతఃకరణధర్మము. ఆత్మయందది అధ్యాసచే ఆరోపితము. ఆ వాదము గంభీరమైనదే. అయినను అది ముముక్షువు తన్నుగూర్చి తాను విచారించుకొనదగినది గాని, పరుని చేతిమంటను చూచి యజమాని పలుకదగినది కాదు. ఇక ప్రారబ్ధమందురా, ప్రెస్సునకు రక్షణకవచము బిగింపనివాని కర్మను విడిచి నలిగినవాని కర్మనే లెక్కించుట ఏ శాస్త్రమున నున్నది?

చట్టమును చూచినను ఇదే తీరు. 1923 నాటి కార్మిక పరిహారచట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో 30 శాతము, చూపుడువ్రేలు మొత్తము పోయినచో 14 శాతము సంపాదనశక్తి నష్టమని వ్రాసియుండెను. వ్రేళ్లన్నియు మిగిలియుండి మండుచున్న చేతికి అందు పంక్తి లేకుండెను. పట్టిక కెక్కని గాయమునకు నష్టమెంతో వైద్యుడు నిర్ణయింపవలెను. ఆ వైద్యుడు మొదట రోగి మాట నమ్మవలెను.