కొన్న మట్టిలో రాయి

సరుకులో లోపం వుందని తెలిస్తే, అమ్మేవాళ్ళు అడక్కుండానే చెప్పాలా? ఇది కోర్టు మెట్లెక్కే పెద్దవాళ్ళ ప్రశ్న అనుకుంటాం గానీ, పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకునే మనకీ ఎదురయ్యేదే. చిరుగు పైకి కనపడకుండా చీర మడతపెట్టే నేర్పు మనలో ఎంతమందికి లేదు చెప్పండి!

నాకు ఈ ఆలోచన మట్టి మూలంగా పట్టుకుంది. మా వేంసూరులో మా తమ్ముడి భార్య కార్తీకమాసానికి ప్రమిదలు చేసి అమ్ముతుంది. కుమ్మరుల ఇంట పుట్టిన పిల్ల కాదు, పని నేర్చుకుని చేస్తోంది. అందుకని చెరువు మట్టి జోలికి పోదు. బస్తాలో వచ్చే తయారు మట్టి కొంటుంది.

కొన్న మట్టికి చిన్న చిన్న పేచీలు ఎప్పుడూ వుంటాయి. నిలవుండి బిగుసుకుపోతుంది. సగం ఎండిన ముద్దమీద ఎన్ని నీళ్ళు గుమ్మరించినా పైన జారుడే తప్ప లోపలికి పోవు. పూర్తిగా ఎండనిచ్చి, చితక్కొట్టి నీళ్ళలో వేస్తే మాత్రం దానంతటదే విచ్చుకుపోతుంది. (వినాయకచవితికి పిల్లల కోసం మట్టి కొనే తల్లులు ఇది గుర్తుపెట్టుకుంటే బోలెడు శ్రమ తప్పుతుంది.)

ఈసారి వచ్చిన చిక్కు అలాంటిది కాదు. ప్రమిదలు చక్కగా ఎర్రగా కాలాయి. వేలితో తడితే ఖంగుమన్నాయి. కొన్ని అమ్ముడుపోయాయి కూడా. రెండు వారాలు గడిచాక, మిగిలినవి బుట్టలో వున్నవి వున్నట్టే పెచ్చులూడడం మొదలుపెట్టాయి. ఊడిన ప్రతి గుంటలోనూ అడుగున తెల్లటి చుక్క.

అది సున్నపు రాయి. పచ్చి మట్టిలో వున్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. వాములో వేడి 800 డిగ్రీలు దాటేసరికి కాలి పొడి సున్నమవుతుంది. ఆ తరువాత గాలిలో తేమ పీల్చుకుని మెల్లగా ఉబ్బుతుంది. సున్నం విరియడం చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు కదూ? ఉబ్బి, పైనున్న మట్టిని తోసేస్తుంది. కాలిన రోజున ఎంత కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా కనపడదు.

కుమ్మరివాళ్ళు మట్టిని నానబెట్టి కాళ్ళతో తొక్కుతారు. పాదానికి గులకరాయి తగిలితే వంగి తీసి పారేస్తారు. కంటికి దొరకనిది కాలికి దొరుకుతుంది. బస్తాలో వచ్చిన మట్టి ఏ పాదం కిందా నలిగింది కాదు. అమ్మినవాడు మూట విప్పలేదు. అడిగితే, "ఎలా వచ్చిందో అలాగే ఇచ్చానమ్మా, లోపలేముందో నాకేం తెలుసు?" అన్నాడట. అబద్ధం కాదు మరి!

చట్టం లేకపోలేదు. 1986లో వచ్చిన వినియోగదారుల చట్టం స్థానంలో 2019లో కొత్తది చేశారు. పొట్టకూటికి సొంతంగా చేసుకునే పని కోసం కొన్నవాళ్ళు కూడా అందులో వినియోగదారులే. అయితే రెండు బస్తాల మట్టి కోసం ఖమ్మం చుట్టూ తిరిగేదెవరు? బస్సు ఛార్జీలకే ఇంకో బస్తా వస్తుంది.

మిగిలిన నూట ఇరవై ప్రమిదల ముందు కూచుని మా మరదలు అన్నది: "వదినా, ఇవి చూడ్డానికి బాగానే వున్నాయి. నాకు వాడు చెప్పాడా? నేను మాత్రం ఎందుకు చెప్పాలి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండువేల యేళ్ళకి పూర్వం, క్రీస్తు పూర్వం 44లో, సిసిరో అనే రోమను ఆయన ఇదే మీమాంస రాశాడు. రోడ్సు ద్వీపంలో కరువు. ఒక వర్తకుడు ధాన్యం ఓడతో ముందుగా చేరుకున్నాడు. వెనకాల మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ సంగతి చెప్పాలా, ఊరుకుని ఎక్కువ ధరకి అమ్ముకోవాలా? చట్టం చెప్పమన్నంత వరకూ చెబితే చాలునని డయోజెనీస్ వాదన. తెలిసిందంతా చెప్పాలని ఆంటిపేటర్ వాదన. సిసిరో రెండో పక్షం.

చదవడానికి బాగానే వుంది. కానీ ఆ వర్తకుడి దగ్గర ఓడ వుంది, మా మరదలి దగ్గర బుట్ట వుంది. అతను వదులుకోవలసింది అదనపు లాభం, ఈమె వదులుకోవలసింది పెట్టుబడి. రాయి ఎక్కడో గనిలోనో గుట్టలోనో బయల్దేరి, ఇన్ని చేతులు దాటి వచ్చి, నిజం చెప్పే బాధ్యత మాత్రం చిట్టచివరి చేతిలో పడింది. షాపువాణ్ణి ఒక్క మాట అనకుండా బుట్టలో అమ్ముకునే మనిషికి నీతులు చెప్పే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళుమంట.

అయినా ఆ పిల్ల మాట నాకు పూర్తిగా రుచించలేదు. తెలియదని షాపువాడు అనగలిగాడు. తెల్లచుక్క చూశాక ఆ మాట ఈమె అనలేదు. పైగా ప్రమిద కొనే ఇల్లాలు ఈమెకేం బాకీ వుందని? బాకీ ఒకడిదైతే వసూలు ఇంకొకరి దగ్గరా?

"చెబితే ఎవరు కొంటారు వదినా?" అంది. అదీ నిజమే. అందుకని ముందు ఒక పని చేశాం. వాము దింపగానే ఇటుకల్ని నీళ్ళలో ముంచడం సున్నం ఉబ్బకుండా చేసే పాత పద్ధతి. మాకు ఆ అదను దాటిపోయింది. అయినా ప్రమిదలన్నీ గంగాళంలో నానేశాం. పగిలేవి చాలావరకు కొనేవాళ్ళింట్లో కాకుండా మన గంగాళంలోనే పగులుతాయని. ముప్ఫై ఏడు పోయాయి.

మిగిలినవాటిని ధర తగ్గించి, సంగతి చెప్పి అమ్మింది. ఒక పెద్దావిడ, "పెచ్చు లేస్తే లేచింది, దీపం ఆరిపోతుందా?" అని రెండు డజన్లు తీసుకుంటూ, చెప్పినందుకు ఇంకో రెండు రూపాయలు తగ్గించమంది!

తరువాత మా మరదలు పగిలిన ప్రమిదలు ఆరు సంచిలో వేసుకుని షాపుకి వెళ్ళింది. వాటిని బల్లమీద వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో తెల్లచుక్క వేలుపెట్టి చూపించింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదాయన. "సరేనమ్మా, ఇవి తీసుకుపో, బేరానికొచ్చేవాళ్ళు చూస్తారు" అన్నాడట.

ఈమె తీసుకురాలేదు.