లెక్క అడిగితే అనుమానమా?

మన గూడేల్లో లెక్క అడగడం తిట్టినంత పని. సంఘం డబ్బు ఎంత ఉంది, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు అని ఎవరైనా నోరు తెరిస్తే "అంటే నేను తిన్నానంటావా?" అన్న మాటే ముందు వస్తుంది. అడిగిన మనిషి వదినో, మేనకోడలో, ఒకే పాలివాళ్ళో అయి ఉంటారు. రేపు పెళ్ళికీ చావుకీ ఒకరి వాకిలి ఒకరు తొక్కవలసిన వాళ్ళు. అందుకని అడగరు. అడగనందుకు మంచివాళ్ళనిపించుకుంటారు కూడా.

శిక్షణల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఐకేపీ మహిళా సంఘాలకు పంచసూత్రాలు చెబుతారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వన్‌ధన్ కేంద్రాల వాళ్ళకు ఇప్పపువ్వు శుభ్రంగా ఏరడం, ఆరబెట్టడం, ప్యాకింగ్, ధర కట్టడం నేర్పుతారు. పది, ఇంటర్ పాసైన పిల్లలకు కెరీర్ ప్లానింగ్ అంటారు. ఇవన్నీ మనకు కావలసినవే. కానీ పుస్తకాల నిర్వహణ దగ్గరికి వచ్చేసరికి మన ఆడవాళ్ళు తల వంచుకుంటారు. చదువు రాక అలా ఉన్నారని శిక్షకులు అనుకుంటారు. అది సగమే నిజం. అడిగితే బంధం చెడుతుందన్న భయం మిగతా సగం. ఈ భయం న్యాయమైనదేనా అన్నది ఆలోచించాలి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. మనకు లెక్క బయటి నుంచి వచ్చింది, అదీ మన మీదికే వచ్చింది. పట్వారీ పుస్తకంలో మన చేను మరొకరి పేరున ఎక్కింది. విత్తనాలకూ మందులకూ తెచ్చిన అప్పు సావుకారు చిట్టాలో ఉంటుంది. పత్తి తూకం నాడు ఆ చిట్టా తెరుచుకుంటుంది, మూసేసరికి చేతిలో మిగిలేది కొంచెమే. పుస్తకం ఉన్నవాడు మనవాడు కాదు, మనవాడి దగ్గర పుస్తకం లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. నాకు తెలిసి మన గడ్డ మీద శిక్షణ అన్న మాటకు అర్థం వచ్చింది అక్కడే. కాగితం చదివే మనిషి గూడెంలోనే ఉంటే కాగితం పేరు చెప్పి మోసం చేయడం అంత తేలిక కాదు.

కొందరు మనవాళ్ళు అంటారు, మేనేజ్‌మెంట్ మనకు ఒకరు నేర్పాలా అని. కేస్లాపూర్ చూపిస్తారు. నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు వేలమంది వస్తారు, గోవాడ్‌లో వంటకు ఉన్నవి 22 పొయ్యిలే. ఎవరి వంతు ఎప్పుడో వాళ్ళకు తెలుసు, తోపులాట ఉండదు. ఆ వంశం వాళ్ళే సొంత చందాలు పోగుచేసి కోట్ల రూపాయలతో కొత్త రాతి గుడి కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రారంభించారు. ఏ సంస్థా వచ్చి ట్రైనింగ్ ఇవ్వలేదు. గర్వపడవలసిన మాటే. అయినా దీన్ని చూపించి శిక్షణలు అక్కర్లేదనే వాళ్ళతో నేను కలవను. పొయ్యి వంతు అందరి కళ్ళముందు నడుస్తుంది. కట్టిన గుడి అందరికీ కనిపిస్తుంది. పండగకు ఎవరు ఎన్ని శేర్ల బియ్యం తెచ్చారో, ఎవరు మేకను ఇచ్చారో చూసినవాళ్ళు పదిమంది ఉంటారు. కంటికి కనిపించేదానికి పుస్తకం లేకపోయినా నడుస్తుంది. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు కంటికి కనిపించదు. ఒక వన్‌ధన్ కేంద్రంలో 300 మంది సభ్యులు, దానికి 15 లక్షల దాకా సాయం. మూడు వందల మందిలో ఖాతాలో ఇవాళ ఎంత ఉందో చెప్పగలిగేవాళ్ళు ఎందరు? కనిపించని డబ్బును కనిపించే డబ్బులాగే నమ్మకంతో నడిపిద్దామనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం.

అడగకపోతే అనుమానం లేదని కాదు. నోటి దగ్గర ఆగిన ప్రశ్న నీళ్ళ దగ్గర, సంతలో, కల్లు దగ్గర గుసగుస అవుతుంది. సంఘం లీడరు కొత్త చీర కట్టుకున్నా, కొడుక్కి ఫోను కొన్నా మాట పుడుతుంది. ఆమె నిజాయితీపరురాలైతే ఆ నిజాయితీని చూపించుకునే దారి ఆమెకు లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. మర్యాద పేరుతో మనం ఆమెను కాపాడుతున్నామా, నోరు లేకుండా చేస్తున్నామా? నేను చూసినంతలో సంఘాల నుంచి ముందుగా తప్పుకునేది ఇలాంటి మంచి మనుషులే. "ఈ పేరు నాకొద్దు" అని పుస్తకం ఇచ్చేసి వెళతారు. తినేవాడికి గుసగుస బాధ ఉండదు, వాడు ఉండిపోతాడు.

కాబట్టి శిక్షణ ముందుగా నేర్పవలసింది పద్దు రాయడం కాదు, పద్దు అడగడం. అదీ మనిషి మనిషిని అడిగేలా కాకుండా, రోజు వచ్చి అడిగేలా చేయాలి. నెలకో రోజు పెట్టుకుని, ఎవరూ అడగకముందే పుస్తకం గట్టిగా చదివితే వదినా ఆడబిడ్డల మధ్య మాట రాదు. చదవడం తెలుగులో మాత్రమే కాకుండా గోండీలో, కొలామీలో ఉండాలి. చాలా శిక్షణల్లో ముసలమ్మలు తల ఊపుతారు, శిక్షకుడు అర్థమైందనుకుంటాడు. ఒకసారి ఆమె భాషలో అంకెలు చెప్పి చూడండి, మరుక్షణం ప్రశ్న వస్తుంది.

మన శిక్షణల్లో ఇంకో వంకర ఉంది. లెక్క ఎప్పుడూ కింది నుంచి పైకే పోతుంది. హాజరు, వేలిముద్ర, ఫోటో, ఖర్చుల రశీదులు అన్నీ మనం ఇస్తాం. పైనుంచి కిందికి ఏం వస్తోంది? నాగోబా దర్బార్ హైమన్‌డార్ఫ్ కాలంలో మొదలైందే అధికారులు వచ్చి మన మాట వినడానికి. 1996 నాటి పేసా చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. పంచాయతీ ఖర్చుపెట్టిన నిధులు సక్రమంగా వాడారని గ్రామసభ ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే పంచాయతీని లెక్క అడగడం మన దయ కాదు, మన పని. సంఘంలో చెల్లెల్ని అడగలేని మనిషి గ్రామసభలో కార్యదర్శిని అడుగుతాడా? ఈ రెండూ వేర్వేరు ధైర్యాలని నేననుకోను.

యువతకు చెప్పే కెరీర్ ప్లానింగ్‌నూ ఈ కంటితోనే చూడాలి. "అయిదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటావు?" అని ఫారంలో ఉంటుంది. పిల్లవాడు సెక్యూరిటీ గార్డు అనో, షాపింగ్ మాల్ అనో రాస్తాడు, ఎందుకంటే ఆ కోర్సుల్లోనే ఖాళీలు ఉన్నాయి. అతను తన లెక్క ఇచ్చాడు. ఇప్పుడు శిక్షణ ఇచ్చేవాళ్ళు తమ లెక్క ఇవ్వాలి. పోయిన బ్యాచ్‌లో ఎందరు చేరారు, ఏడాది తర్వాత ఎందరు ఉన్నారు, తిరిగి వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారు. నెలకు 12,000 జీతం అన్నారనుకుందాం. హైదరాబాద్‌లో గదికి 3,000, తిండికి 4,000, రాకపోకలకూ ఫోనుకూ 1,500, యూనిఫాం కోత ఉంటే అదీ తీస్తే ఇంటికి పంపేది ఎంత? ఈ కూడికలు తీసివేతలు మూడో తరగతివి. ఫారంలో వీటికి చోటు లేదు.

ప్లాన్ పిల్లవాడి చేతిలోనే లేదని కూడా చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జీవోను నమ్ముకుని డి.ఎడ్ చేసిన పిల్లలు మా చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళ పట్టుదలలో లోపం ఏమీ లేదు. పట్టుదల ఉంటే చాలు అని చెప్పే శిక్షకుడు వాళ్ళ ముందు ఒకసారి నిలబడి ఆ మాట అనాలి.

చివరిగా ఇంటి లెక్క. ఒక కొడుకు కోచింగ్‌కు పోతే ఆ ఇంట్లో ఎడ్లను ఎవరు చూస్తున్నారు, ఎవరి చదువు ఆగింది? తరచుగా అది చెల్లెలి చదువు. అతను వెళ్ళకూడదని నేను అనను. నెల జీతం తీసుకునే నాలాంటి వాళ్ళకు "గూడెంలోనే ఉండు, సంస్కృతిని కాపాడు" అని చెప్పే హక్కు లేదు. కానీ తీసుకున్నదాన్ని తీసుకున్నట్టు రాసుకోవాలి కదా. పోయిన వేసవిలో మా ఊరి పిల్లలతో ఆ ఫారాలు నింపించినప్పుడు కింద ఒక గడి పెన్నుతో గీయించాను: నీ ప్లాన్ కోసం ఇంట్లో ఎవరు ఏమి వదులుకుంటున్నారు? మగపిల్లలు ఎక్కువసేపు ఖాళీగా ఉంచింది ఆ గడినే. ఇంటికి పోయి అడిగి రమ్మన్నాను. ఇద్దరు మర్నాడే తెచ్చారు. మిగతావాళ్ళకు వారం పట్టింది.