వదంతియు ఓదార్పును

ధ్యాన భాగములు: నిర్గమకాండము 23:1, 2, 2 సమూయేలు 1:1–12



2016వ సంవత్సరము జూలై 22వ తేదీ ఉదయమున తాంబరమునుండి పోర్టుబ్లెయిరుకు బయలుదేరిన వాయుసేన ఏ.ఎన్.-32 విమానము బంగాళాఖాతముపై కానరాకపోయెను. అందులో 29 మంది యుండిరి. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారములో పనిచేయువారు. పల్లెలను విడిచి మల్కాపురము వంటి పేటలలో కాపురముండి, నేవీ కొలువులకును రిఫైనరీ పనులకును పోవు మన బిడ్డలెందరో యున్నారు గనుక అది మనకు పరాయి వార్త కాదు.

విమానమునుండి ఆపద సంకేతమేదియు రాలేదు. ఓడలును విమానములును వారముల తరబడి వెదకినను ఆనవాలు దొరకలేదు. ఆనవాలు దొరకని చోట మాటలు పుట్టును. కనబడకపోయిన ఒకరి సెల్‌ఫోను మ్రోగినదని బంధువులు చెప్పగా పత్రికలు వ్రాసెను. విద్రోహము జరిగెనా యను ప్రశ్న రాజ్యసభ వరకు పోయెను; దానికి అవకాశము బహు స్వల్పమని రక్షణ మంత్రి మనోహర్ పరికర్ గారు ఉత్తరమిచ్చిరి. ఆ సెప్టెంబరులో, అందరును మరణించినట్లే యెంచవలసియున్నదని కుటుంబములకు తెలియజేసిరి. 2024 జనవరిలో, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, మనుష్యుడు లేక నడచు యంత్రము తీసిన ఛాయాచిత్రములలో ఆ జాతి విమానపు శిథిలములు కనబడెనని ప్రభుత్వము ప్రకటించెను. ఏడున్నర సంవత్సరములు ఆ యిండ్లవారు గుమ్మమువైపు చూచుచునే యుండిరి.

ఫోను మ్రోగెనని నమ్మిన తల్లిని మనము తప్పుపట్టము. అది ప్రేమ, యాకోబు యోసేపును మరువలేనట్టి ప్రేమ. అయితే ఆ తల్లి కన్నీటిని కథగా మలచి, దానికి మరి రెండు మాటలు చేర్చి, సంతలో చెప్పుకొనువాని సంగతి వేరు.

గిల్బోవ కొండమీదనుండి దావీదునొద్దకు వచ్చిన అమాలేకీయుని చూడుడి. సౌలు తన కత్తిమీద తానే పడెనని మొదటి సమూయేలు కడపటి అధ్యాయము చెప్పుచున్నది. వీడైతే తానే చంపితిననెను. కిరీటము నిజమైనదే, కంకణము నిజమైనదే. నడుమ కథ మాత్రము అబద్ధము. ఏల? బహుమానము కొరకే. వదంతి మోయు ప్రతివాడును ఏదో యొక బహుమానము కోరును. కనీసము నలుగురు తనవైపు తిరిగి వినవలెనని కోరును.

ఆ కోరిక యెంత చేటు తెచ్చునో మన రాష్ట్రము చూచినది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కూలి ఐదుగురు మరణించిరి. విచారణ సంఘము విద్రోహమును కనుగొనలేదు. అయినను 2010 జనవరిలో ఒక కుట్రకథ టెలివిజనులో వినబడినంతనే అనేక స్థలములలో దుకాణములు పగులగొట్టిరి. ఆ దుకాణములలో జీతమునకు పనిచేయు పిల్లలు చేసిన దోషమేమి? లేనివార్త పుట్టింపకుము, కీడు చేయుటకు గుంపు వెంట పోకుము అని మోషే ధర్మశాస్త్రము ఆ రెంటిని ప్రక్క ప్రక్కనే నిషేధించుట ఊరక కాదు.

అట్లయిన ప్రశ్న అడుగరాదా? అడుగవలెను. అధికారులను నిజము చెప్పుమని కోరుట దుఃఖించువారి హక్కు. అయితే అడుగుట వేరు, కల్పించుట వేరు.

కావున ప్రియులారా, ఇట్టి వార్త మీ చెవిని పడినప్పుడు మొదట, దీనిని కన్నులార చూచినవాడెవడని అడుగుడి. రెండవది, చనిపోయినవాని భార్య యెదుట ఈ మాట పలుకగలనా యని యోచించుడి. మూడవది, మాట మోయుట మాని, గంజి వండి ఆ యింటికి మోసికొని పొండు. దావీదు విచారణతోనే ఊరకుండలేదు. బట్టలు చింపుకొని సాయంకాలము వరకు ఏడ్చి ఉపవాసముండెను.

3,400 మీటర్ల లోతు మన కన్నులకు చీకటియే గాని దేవునికి చీకటి కాదు. అక్కడ నిద్రించువారి పేళ్లు ఆయన యెరుగును. మనము వారి యిండ్ల త్రోవ యెరుగుదుము. ఆ త్రోవను నడచుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.