తలలు లెక్కపెట్టే చదువు

పిల్లల చదువుల పేర్లు విన్నప్పుడు పెద్దవాళ్ళ మొహాలు రెండు రకాలుగా మారతాయి. ఇంజనీరింగ్ అనగానే విచ్చుకునే మొహం ఒకటి. ఇంకేం చెప్పినా "దానివల్ల ఏమొస్తుందీ?" అని ముడుచుకునే మొహం మరొకటి. మా మౌలాలిలో మా వీధి అమ్మాయి తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయనం ఎం.ఏ.లో చేరిందని తెలిసినప్పుడు వీధి వీధంతా రెండో మొహమే పెట్టింది. "జనాన్ని చదవడమేమిటే తల్లీ, రోజూ బస్సులో చూస్తూనే ఉన్నాంగా!" అని వాళ్ళ నాయనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ బి.ఏ. చదివి కథలల్లుకునే నాకు ఆ చదువు వెనక ఒక ధర్మసందేహం కనిపించింది. మనిషిని అంకెగా మార్చడం న్యాయమేనా? నవల రాసేవాళ్ళం లక్షమందిలోంచి ఒక్కర్ని ఏరుకుంటాం. ఆ శాస్త్రం వాళ్ళు ఆ ఒక్కర్నీ మళ్ళీ లక్షలో కలిపేస్తారు.

పుట్టుక, చావు, వలస - ఆ చదువుకి ఈ మూడే మూలస్తంభాలు. మన వేదాంతులు మొదటి రెండింటితో సరిపెట్టుకున్నారు. మూడోదాని సంగతి మాత్రం మా రైల్వే పేటవాళ్ళని అడగాలి! అందులో 'జీవిత పట్టిక' అని ఒకటుంది. లక్షమంది పిల్లలు ఒకేసారి పుట్టారనుకుని, ఏ వయసుకి ఎందరు మిగులుతారో ఆఖరి మనిషిదాకా లెక్క కడతారు. 1662లోనే లండన్‌లో జాన్ గ్రాంట్ అనే వ్యాపారి, వారం వారం అచ్చయ్యే మరణాల జాబితాలు ముందేసుకుని ఈ శాస్త్రానికి పునాది వేశాడు. ఎవరి ఇంటి దుఃఖం వాళ్ళదే అనుకునే చోట, అన్ని దుఃఖాలనీ కలిపి చూస్తే ఒక క్రమం ఉందని కనిపెట్టాడు.

అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా సగటుతో వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీకి 1.8 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది. జనం తరగకుండా ఉండాలంటే సుమారు 2.1 ఉండాలట. ఏ బారసాలలోనైనా ముప్పాతిక బిడ్డని ఉయ్యాల్లో వేయడం చూశారా? ఈ సగటు స్త్రీ ఏ వీధిలోనూ లేదు. అయితే లేని ఆవిడ కోసం వేసిన పథకాలు, ఉన్న ఆవిడ ఒంటిమీద అమలవుతాయి.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ మగవాళ్ళవే. ఆ బలవంతానికి జనం భగ్గుమన్నాక, భారమంతా మెల్లిగా ఆడవాళ్ళ మీదికి జారింది. పైన చెప్పిన సర్వే లెక్కలోనే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలు పదిమందిలో సుమారు ఏడుగురు, తెలంగాణలో ఆరుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ముప్ఫై ఏళ్ళు తిరిగాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనండమ్మా అనే సలహాలూ మొదలయ్యాయి. వద్దన్నప్పుడూ కావాలన్నప్పుడూ అంకె సర్కారుది, కడుపు మాత్రం ఆడదానిది.

మరి లెక్కే మానేద్దామా? అదీ అన్యాయమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 మంది ఉంటే, 2011కి 939కి పడిపోయారు. "మేం ఆడపిల్లని వద్దనుకున్నాం" అని ఏ ఇల్లూ నోరు విప్పి చెప్పదు. అంకె చెప్పింది. ఇల్లు లేనివాళ్ళని లెక్కించడానికి 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా వంతెనల కిందా, ప్లాట్‌ఫారాల మీదా వెతికారు. 17 లక్షలకు పైగా తేలారు. పొమ్మనడానికి కాకుండా, "నీ పేరేమిటి?" అని అడగడానికి వాళ్ళ దగ్గరికి ఎవరైనా వచ్చిన రాత్రి అది. లెక్కలోకి రానివాడికి రేషనూ లేదు, బడీ లేదు.

అంచేత నాకు తోచిందేమిటంటే, అంకె సాక్షిగా నిలబడితే ధర్మం, హుకుం అయితే అధర్మం. సాక్షి ఉన్నదున్నట్టు చెప్పి పక్కకి తప్పుకోవాలి. తీర్పు ఆ ఇంటి ఇల్లాలిది.

జనాభా లెక్కల్లో పెళ్ళయిన స్త్రీని అడిగే రెండు ప్రశ్నలున్నాయి. ఎంతమంది పుట్టారు? ఎంతమంది ఉన్నారు? మొదటిదానికి నాలుగనీ, రెండోదానికి మూడనీ జవాబొస్తే, తీసివేత చేయడం ఎంతసేపు! కానీ ఆ మిగిలిన ఒకటి దగ్గర అడిగేవాళ్ళు ఒక్క క్షణం కలం ఆపాలి. మా వీధి అమ్మాయి అన్ని సూత్రాలతో పాటు ఆ క్షణం ఆగడం కూడా నేర్చుకుంటే, ఆ చదువువల్ల ఏమొస్తుందో మళ్ళీ ఎవరూ అడగక్కర్లేదు.

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ మూలంగా వాయిదా పడి 2027కి నిర్ణయమైంది. గుమ్మంలోకి వచ్చిన మనిషిని విసుక్కోకండి. కాసిని మంచినీళ్ళిచ్చి నిజం చెప్పండి. అన్నట్టు, మనవాళ్ళ వయసులన్నీ సున్నా, అయిదు అంకెల దగ్గర గుంపుగా ఆగిపోతాయని ఆ శాస్త్రం ఏనాడో పసిగట్టి, సరిచేసే పద్ధతులు కూడా పెట్టుకుంది. కనక నలభై అయిదు దగ్గరే ఏళ్ళ తరబడి విశ్రమించే నా ఈడు వాళ్ళకి ఇక చాటు లేనట్టే!