ముందు చెయ్యి, తరువాత ప్రశ్న



ఎస్. రాయవరం మండలంలోని ఏటికొప్పాక లక్క బొమ్మలు మనకు తెలిసినవే. అంకుడు కర్రను నున్నగా మలచి, లక్క రంగులద్ది చేసిన బొంగరం తిరుగుతుంటే పసివాడు తానూ గిరగిర తిరుగుతాడు. వాడు ఆగినా ఇల్లూ వాకిలీ తిరుగుతూనే ఉన్నట్లుంటుంది. కాసేపటికి అంతా సర్దుకుంటుంది. కాని నెలల తరబడి సర్దుకోని వాళ్లు కూడా మన మధ్య ఉన్నారు.

అలాంటి ఒక తల్లిని తలచుకోండి. దివ్యపూజలో లేచి నిలబడితే నేల పడవలా ఊగుతుంది. సంతలో జనం కదలిక చూస్తే తల తూలుతుంది. పరీక్షలన్నీ చేయిస్తే "ఏమీ లేదమ్మా" అన్నారు. ఇంట్లో వాళ్లు "పని తప్పించుకోవడానికి వంక" అన్నారు. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. చివరికి ఆమె గుడికి రావడం మానేసింది. మనం "భక్తి తగ్గింది" అనుకున్నాం. ఎంత అన్యాయం!

ఇది వంక కాదు, వ్యాధి. చెవి లోపలి భాగం, కళ్లు, కాళ్లు పంపే కబుర్లను కలుపుకొని మెదడు మనల్ని నిలబెడుతుంది. చెవి జబ్బో, తలకు దెబ్బో, తీవ్రమైన భయమో వచ్చి పోయాక కూడా కొందరిలో మెదడు కాపలా దించదు. ప్రతి అడుగునూ అనుమానిస్తుంది. గట్టు మీద నడిచేవాడు పాదాలనే చూసుకుంటూ నడిస్తే మరింత తూలినట్లు, ఆ అతి జాగ్రత్తే తూలును పెంచుతుంది. అవయవం చెడలేదు, దాని పనితీరు తప్పింది. అందుకే స్కానింగులో కనబడదు. మూడు నెలలకు మించి దాదాపు రోజూ ఉండే ఈ బాధకు పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజినెస్ అని పేరు. దాన్ని గుర్తించే లక్షణాలను బారనీ సొసైటీ నిపుణులు 2017లో ప్రకటించారు.

మత్తయి సువార్త 14వ అధ్యాయంలో పేతురు నీటిమీద నడిచాడు. గాలిని చూసి భయపడి, మునిగిపోతూ కేకవేశాడు. ప్రభువు ఏంచేశారు? వెంటనే చెయ్యి చాచి పట్టుకున్నారు. ఎందుకు సందేహించావని అడిగింది ఆ తరువాతే. మనమో? ముందు ప్రశ్నలు వేస్తాం, చెయ్యి చాచడం మరచిపోతాం. పేతురు కేకవేయడానికి సిగ్గుపడలేదు. రోగి కూడా సహాయం అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

"ప్రార్థన చాలదా, డాక్టరెందుకు?" అని కొందరంటారు. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. ప్రార్థించమనీ చెబుతుంది, వైద్యుణ్ణి గౌరవించమనీ చెబుతుంది. వైద్యుణ్ణి కలిగించినది దేవుడే. కాబట్టి చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి గాని, నరాల వైద్యుణ్ణి గాని కలవండి. విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. తల, కళ్లు, నడకలకు నేర్పే వ్యాయామాలు మెదడుకు మళ్లీ ధైర్యం నేర్పుతాయి. దిగులుకు వాడే మందులు కొన్ని ఈ తూలుకూ ఇస్తారు. అవి ఇచ్చారంటే పిచ్చి అని కాదు. మనసు విప్పి మాట్లాడే చికిత్స కూడా కొందరికి మేలు చేస్తుంది. గుణం మెల్లగా కనబడుతుంది. మందులు సొంతంగా మానకండి. అయితే తూలు హఠాత్తుగా వచ్చి, మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి కాలు పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో నెలకొల్పిన ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు జరుపుకుంటాం. అంతవరకు ఆగనక్కరలేదు. ఈ ఆదివారమే ఆ తల్లి ఇంటికి వెళ్లండి. "ఏమైంది?" అని నిలదీయకండి. "అక్కా, నా చెయ్యి పట్టుకో, కలిసి పూజకు వెళ్దాం. నిలబడలేకపోతే కూర్చునే ప్రార్థించు, నీ పక్కనే ఉంటాను" అనండి.

అలమీద చెయ్యి చాచిన ప్రభువు, మన చేతుల ద్వారా ఆమెను నిలబెట్టుదురు గాక! ఆమెన్.